బెల్లం చెవులు చూస్తూ

జూన్

మొదట పోయింది చెప్పు. ఆఫీసు లిఫ్టులో ఎడమకాలి చెప్పు ఊడి అక్కడే పడిపోతే, నేను రిసెప్షన్ దాటి, గేటు దాటి, రోడ్డు పనులకని పోసిన కంకర మీదుగా నడిచి క్యాబ్ దగ్గరకు వచ్చాను. డ్రైవరు నా కాలి వైపు చూసి, "మేడమ్, ఇంకో చెప్పు?" అనేదాకా నాకు తెలియలేదు. కిందికి చూస్తే పాదం గీరుకుపోయి రక్తం కారుతోంది. నొప్పి మాత్రం లేదు.

ఇంటికి వచ్చి మా ఆయన శ్రీకాంత్‌కు చెప్పి నవ్వాను. "నీ మతిమరుపు ఇంకో లెవెల్‌కి వెళ్లింది" అని తనూ నవ్వాడు. అంతటితో ఊరుకున్నాం. ఇది చదివేవాళ్లలో ఎవరికైనా చెప్పు ఊడిన సంగతి కాలికి తెలియకపోతే, మాలాగా నవ్వుకుని కూర్చోకండి. ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లండి. నేను వెళ్లేసరికి ఎడమ చెయ్యి కూడా మొద్దుబారింది. నడుము కింద ఉన్నది నా ఒళ్లేనా అని చేత్తో తడిమి చూసుకోవాల్సి వచ్చింది.

వెన్నుపాములో వాపు అన్నారు. ఎందుకు వచ్చిందో చెప్పలేమన్నారు. తగ్గుతుందా అని అడిగితే, కొంత తగ్గుతుంది, ఎంతన్నది చూడాలి అన్నారు. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం. తప్పు ఎక్కడుందో తెలిసింది కానీ ఎందుకుందో తెలియదు అని ఎవరైనా అంటే నేను మీటింగులో వాళ్లను నిలబెట్టి అడిగేదాన్ని. ఆసుపత్రిలో మాత్రం తల ఊపి ఊరుకున్నాను.

ఆ రోజుల్లో నాకు బాగా గుర్తున్నది స్కానింగ్ గది ముందున్న హాలు. నన్ను వీల్‌చెయిర్‌లో అక్కడ వదిలి శ్రీకాంత్ రిపోర్టుల కోసం పై అంతస్తుకీ కింది అంతస్తుకీ తిరిగేవాడు. గోడ మీద టీవీలో కన్నడ సీరియల్ శబ్దం లేకుండా నడుస్తూ ఉండేది. ఎవరో ఏడుస్తుంటారు, ఎవరో కొడతారు, ఎందుకో తెలియదు. ఒక రోజు నా చెప్పు మళ్లీ జారిపోయింది. ఎదురు కుర్చీలో బురఖా వేసుకున్న ఒక పెద్దావిడ లేచి వచ్చి, చెప్పు తీసి, దుమ్ము దులిపి, నా కాలికి తొడిగింది. వెళ్లి తన కుర్చీలో తను కూర్చుంది.

మామూలుగా అయితే నాకు అక్కడ ఏడుపు రావాలి. రాలేదు. థ్యాంక్స్ అని కూడా అనలేదని రాత్రికి గుర్తొచ్చింది. అయినా బాధ కలగలేదు. అది నాకు కొంచెం వింతగా అనిపించింది, అంతే.

ఆగస్టు

బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో మా ఫ్లాటుకు తిరిగి వచ్చేసరికి ఒంగోలు నుంచి అత్తయ్య వచ్చి వంటగది చేతుల్లోకి తీసుకుంది. నేను వాకర్ పట్టుకుని హాల్లో అటూ ఇటూ తిరిగేదాన్ని. ఒకసారి అత్తయ్య గుడికి వెళ్లినప్పుడు టీ నేనే పోసుకుని, స్టీలు గ్లాసు ఎడమ చేత్తో పట్టుకుని బల్ల దగ్గర నిలబడే తాగాను. తర్వాత చూస్తే అరచెయ్యి బొబ్బలెక్కి ఉంది. అప్పటినుంచి అత్తయ్య ప్రతి గ్లాసూ ముందు తన చేత్తో పట్టి చూసేది. "ఆగమ్మాయ్, ఇంకా కాలుద్ది" అనేది. కాసేపటికి, "ఇప్పుడు తాగు" అనేది. నలభై ఏళ్ల మనిషిని, ఆఫీసులో నా కింద ఒక టీము పనిచేస్తుంది. ఇప్పుడు తాగు అంటే తాగేదాన్ని.

మా అమ్మాయి నిత్య నాలుగో తరగతి. దానికి రోజూ రెండు జడలు నేనే వేసేదాన్ని. ఆ పని కూడా అత్తయ్యకు వెళ్లింది. అత్తయ్య వేసే జడలు బిగుతుగా, చెవుల పైకి ఉంటాయి. నిత్య అద్దంలో చూసుకుని ఏమీ అనకుండా స్కూలుకు వెళ్లిపోయేది.

రివ్యూకి వెళ్లిన రోజు దానికి సెలవు కాబట్టి వెంట తీసుకెళ్లాం. వాకర్ పక్కన పెట్టి కర్రతో నడవొచ్చని ఆ రోజే చెప్పారు. కుడి చేతిలో కర్ర, ఎడమ చెయ్యి నిత్య పట్టుకుంది. "నాన్నా, నువ్వు కారు తెచ్చుకో. అమ్మను నేను తీసుకొస్తా" అంది. పొడవాటి కారిడార్ చివరిదాకా ఇద్దరం నడిచాం. చాన్నాళ్ల తర్వాత నేను బాగా నడిచిన రోజది. దారి పొడవునా నిత్య ఒక్క మాట మాట్లాడలేదు. జాగ్రత్తగా తీసుకెళ్తోంది కాబోలు అనుకున్నాను.

సాయంత్రం అన్నానికి చేతులు కడిగిస్తూ అత్తయ్య, "ఏందే ఇది?" అంది. నిత్య కుడి చెయ్యి వేళ్ల మొదట్లో కమిలిపోయి ఉంది. చేతి వెనక గోళ్లు దిగిన గుర్తులు. "తలుపు సందులో పడింది నానమ్మా" అంది నిత్య. అత్తయ్య నా చేతి వైపు చూసింది. చూసి, కళ్లు తిప్పుకుని, కొబ్బరినూనె తెచ్చి రాసింది.

నా చెయ్యి నాకు చెప్పకుండా నా కూతురి చెయ్యి నలిపింది. ఆసుపత్రిలో పడుకోబెట్టినప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు.

"ఏం కాదు, లీవ్ ఇట్. నువ్వు కావాలని చేశావా ఏంటి?" అన్నాడు శ్రీకాంత్. మర్నాడు పొద్దున నేను అడగకుండానే నెయిల్ కట్టర్ తెచ్చుకుని, నా పక్కన కూర్చుని, నా గోళ్లు చిగురు దాకా తీసేశాడు. అందులో ప్రేమ ఉందని తెలుసు. తను గోళ్లు తీస్తున్నంతసేపూ నేను కిటికీ బయట క్రేన్‌ను చూస్తూ కూర్చున్నాను.

మళ్లీ మామూలుగా నడుస్తానా, ఉద్యోగానికి వెళ్తానా అన్నవి డాక్టర్లకీ శ్రీకాంత్‌కీ ఉన్న ప్రశ్నలు. ఆ రోజు నుంచి నాకున్న ప్రశ్న ఒక్కటే. ఈ పిల్ల చెయ్యి మళ్లీ పట్టుకోగలనా? ఎవరితోనూ అనలేదు. ఎడమ చెయ్యి చున్నీ కింద పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. బయటికి వెళ్తే నిత్య వాళ్ల నాన్న పక్కన నడిచేది. అలా నడవమని దానికి ఎవరూ చెప్పలేదు.

నవంబరు

మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ తమ్ముడు వర్తూరు చెరువు అవతల ఎక్కడో వైద్యం కోసమని గుర్రపు బండి నడుపుతున్నాడని శ్రీకాంత్ వినొచ్చాడు. యాక్సిడెంట్ తర్వాత అతనికి నడుము నిలవట్లేదట. కదిలే బండిలో కూర్చుంటే నడుమూ, పగ్గాలు పడితే చేతులూ పనిచేస్తాయట. "శనివారం వెళ్దాం. జస్ట్ ట్రై చేద్దాం" అన్నాడు.

"కుందలహళ్లి సిగ్నల్ దగ్గర కారు నడపడానికే భయపడే దాన్ని. గుర్రాన్నేం నడుపుతాను?" అన్నాను.

"అక్కడ సిగ్నల్ ఉండదు" అన్నాడు.

జబ్బు చేశాక అతను నాతో వేసిన జోకు అదొక్కటే అనుకుంటాను. మిగతా మాటలన్నీ మాత్ర వేసుకున్నావా, వ్యాయామం చేశావా. నేను వేసుకున్నాను, చేశాను అనేదాన్ని. గొడవ పడేంత ఓపిక ఇద్దరిలో ఎవరికీ లేదు. ఆ జోకు కోసమే ఒప్పుకున్నాను.

పెళ్లి ఊరేగింపు రథం లాంటిది ఊహించుకున్నాను. అక్కడ ఉన్నది పొట్టి చక్రాల ఇనప బండి. వెనక వీల్‌చెయిర్ ఎక్కించడానికి వాలు పలక, ముందు ఇద్దరు కూర్చునే సీటు. గుర్రం చిన్నది, ఆడది, బెల్లం రంగు. పేరు కూడా బెల్లమే.

ఆ చోటు చూసుకునేది భారతక్క. తాతల కాలం నుంచి బెంగళూరు పేటలో ఉన్న తెలుగు కుటుంబం, ఆమె చాలా ఏళ్లు ఫిజియోథెరపిస్టుగా పనిచేసింది. నాకు హెల్మెట్ పెట్టి, పట్టీ బిగిస్తూ అడిగింది.

"భయంగా ఉండాదా?"

"లేదండీ."

"మరి ఆ మొహమేందప్పా?"

"ఏమీ అనిపించట్లేదు."

"సరేలే. ఏమీ అనిపించకున్నా కూర్చోవచ్చు. బండికి దాంతో పని లేదు."

ఆమె నా కుడి పక్కన కూర్చుంది. పగ్గాలు రెండు జతలు. ఒక జత నా చేతుల్లో, ఒక జత ఆమె చేతుల్లో. నేను సరిగ్గా నడిపినంతసేపూ ఆమె జత వదులుగా వేలాడుతుంది. నేను తప్పితే అది బిగుస్తుంది. బెల్లాన్ని సాకే మునిరాజు దాని తల పక్కన నడుస్తాడు. కంచె లోపల గుండ్రటి మట్టిదారి, అంతే.

బండి కదిలింది. నడుము అటు ఇటు ఊగింది, పడలేదు. ఆ రోజు నా గురించి అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

డిసెంబరు

చలి మొదలైంది. పొద్దున వెళ్తే చెరువు మీది నుంచి మంచు, దాంతోపాటు చెరువు వాసన. భారతక్క నా ఒళ్లో ఒక శాలువా కప్పేది. నా ఎడమ చెయ్యి శాలువా కిందికి వెళ్లిపోయేది. నాకూ అదే హాయి.

బెల్లం మాత్రం మొండికేసింది. నేను పగ్గాలు పట్టగానే మెల్లగా ఎడమకు జరిగేది. జరిగి జరిగి కంచె దగ్గరకు పోయి ఆగేది. భారతక్క తన పగ్గాలతో దారిలోకి తెచ్చేది. మళ్లీ ఎడమకు. "ఏమే, నీకేమొచ్చింది?" అని గుర్రాన్ని తిట్టేది. ప్రతి శనివారం ఇదే.

"దీని పళ్లు చూపియ్యాల" అంది ఒక రోజు. "లోపల యాడో పన్ను పదునై గుచ్చుతా ఉండాది. లేకుంటే ఇది ఇట్ల చేసే రకం కాదు."

ఒక మాట ఒప్పుకోవాలి. నాకు సంతోషం వేసింది. ఆరు నెలల్లో మొదటిసారి తప్పు నా ఒంట్లో కాక ఇంకొకరి ఒంట్లో ఉంది. ఆ వారం అత్తయ్యకు కూడా చెప్పాను, గుర్రానికి పంటి నొప్పి అని. "పాపం, నోరులేని జీవం" అంది అత్తయ్య.

పశువైద్యుడు వచ్చి చూశాడు. పళ్లు శుభ్రంగా ఉన్నాయన్నాడు. నాకంటే ముందు వీల్‌చెయిర్‌లో వచ్చే ఒక పెద్దాయన అదే బెల్లాన్ని, అదే దారిలో, గీత గీసినట్టు నడిపాడు. కంచె ఇవతల కుర్చీలో కూర్చుని నేనూ చూశాను. భారతక్క గుర్రం వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

నా వంతు వచ్చింది. ఎక్కి కూర్చున్నాను. శాలువా కప్పింది. బండి కదిలి కాస్త దూరం పోయి, ఎడమకు జరగడం మొదలుపెట్టగానే మునిరాజును ఆపమంది. చెయ్యి చాచి శాలువా తీసేసింది.

ఎడమ పగ్గం నా అరచేతి చుట్టూ ఒక చుట్టు చుట్టి ఉంది.

మొదటి రోజే గట్టిగా చెప్పిన ఒకే ఒక్క నియమం అది. పగ్గం చేతికి చుట్టుకోకూడదు. గుర్రం బెదిరి పరిగెడితే పగ్గంతో పాటు మనిషిని కూడా ఈడ్చుకుపోతుంది. నాకు తెలుసు. తెలిసే చుట్టుకున్నాను. చేతిలో పగ్గం ఉందో జారిపోయిందో నాకు తెలియదు కదా. చుట్టి ఉంటే పోదని ధైర్యం. ఆ చుట్టు వల్ల ఎడమ పగ్గం పొట్టిదై, పాపం బెల్లం తల ఎప్పుడూ ఎడమకే లాగబడి ఉండేది.

తిడుతుందనుకున్నాను. పగ్గం ఎంత పొట్టిదైందో వేళ్లతో కొలిచి చూసింది. తర్వాత, "ఎన్ని వారాల్నుంచి?" అంది.

"మొదటినుంచీ."

"దాని పళ్లు చూపిచ్చినానే నేను" అంది. తన మీద తనకే కోపం వచ్చినట్టుంది. చుట్టు విప్పి, పగ్గం పక్కన పెట్టి, తన రెండు వేళ్లు నా ఎడమ చేతిలో పెట్టింది. "పట్టుకో. జారిపోకుండా సుమ్నే, ఊరికే పట్టుకో, అంతే." పట్టుకున్నాను. "ఇప్పుడు స్వల్ప సడలించు." సడలించాను.

"సడలించినావా?"

"ఊఁ."

"చూడు."

చూశాను. ఆమె వేళ్ల కొసలు ఎర్రబడి ఉన్నాయి. నా వేళ్లు కొంచెం కూడా విడలేదు. ఆమె రెండో చేత్తో ఒక్కొక్క వేలూ విడదీసుకోవాల్సి వచ్చింది.

"నువ్వు జారిపోతాదని భయపడతా ఉండావు. నీ చెయ్యి అస్సలు వదిలే చెయ్యే కాదప్పా" అంది, వేళ్లు నలుపుకుంటూ.

నాకు ఆసుపత్రి కారిడార్ గుర్తొచ్చింది. ఆమెకు నిత్య సంగతి చెప్పాను. ఎవరికైనా చెప్పడం అదే మొదటిసారి. లెక్కకు రాని విషయం చెబుతున్నట్టు చెప్పాను, గొంతులో ఏ మార్పూ లేకుండా. ఆమె ఓదార్చలేదు. పగ్గం తీసి మళ్లీ నా చేతిలో పెట్టింది, చుట్టు లేకుండా.

"చెయ్యి చూడొద్దు. చూస్తే ఏమీ తెలీదు. దాని చెవులు చూడు. నువ్వు గట్టిగా లాగితే చెవులు వెనక్కి పోతాయి. సడలిస్తే ముందుకొస్తాయి. నీ చెయ్యి నీకు చెప్పకుంటే అది చెప్తాది."

చెవులు వెనక్కి ఉన్నాయి. వేళ్లు విప్పాలనుకున్నాను. ఏమీ కాలేదు. ఇంకా విప్పాలనుకున్నాను. పగ్గం పూర్తిగా జారిపోయి ఉంటుందనిపించింది, అయినా కిందికి చూడలేదు. అప్పుడు ఒక చెవి ముందుకు తిరిగింది. కాసేపటికి రెండోది. బెల్లం తల కిందికి దించి, ముక్కుతో బుర్రుమని, నడవడం మొదలుపెట్టింది.

మార్చి

స్పర్శ తిరిగి వచ్చిందని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది. రాలేదు. కాళ్లకు కొంత వచ్చింది, చెప్పు ఊడితే తెలుస్తోంది. ఎడమ చెయ్యి అలాగే ఉంది, బహుశా ఇలాగే ఉంటుందన్నారు. ఇంటి నుంచే కొన్ని గంటలు పని చేస్తున్నాను. టీ గ్లాసు ఇప్పటికీ అత్తయ్యే పట్టి చూసి ఇస్తుంది. ఇదంతా సర్దుకుని రాసుకుంటే నాకు కాస్త నిలకడగా ఉంటుందని రాస్తున్నాను. చెయ్యో కాలో కబురు పంపడం మానేసిన వాళ్లు ఇంకెవరైనా ఉంటే, ఆ కబురు వేరే దారిలో రావచ్చని చెప్పడానికి కూడా.

పరీక్షలయ్యాక నిత్య నాతో వచ్చింది. బండిలో వెనక, వీల్‌చెయిర్ పెట్టే చోట వేసిన చిన్న సీట్లో, హెల్మెట్‌తో కూర్చుంది. నేను నడుపుతుంటే భారతక్కను ఒకటే ప్రశ్నలు. అమ్మ కిందికి చూడదేం? ఆ చెవి ఎందుకు అలా తిరిగింది? భారతక్క ఓపికగా చెప్పింది, చెవుల సంగతంతా. ఆ తర్వాత నిత్య ముందుకు వంగి నా భుజం మీదుగా బెల్లం చెవులే చూస్తూ కూర్చుంది. భారతక్క చేతిలోని రెండో జత పగ్గాలు ఆ పొద్దున ఒక్కసారి కూడా బిగియలేదు.

దిగాక కారు దాకా ఎత్తుపల్లాల మట్టిదారి. శ్రీకాంత్ ముందు వెళ్లి కారు తిప్పుతున్నాడు. నాకు కుడి చేతిలో కర్ర ఉంది. నిత్య చుట్టూ తిరిగి నా ఎడమ పక్కకు వచ్చింది.

"చెయ్యి ఇవ్వు" అంది.

"వద్దు తల్లీ."

"ఇవ్వమ్మా."

చున్నీ కింద చెయ్యి అలాగే ఉంచాను. అప్పటిదాకా అడగనిది అడిగాను. "ఆ రోజు ఆసుపత్రిలో అంత నొప్పి పుడుతుంటే ఎందుకు చెప్పలేదు?"

కాలితో మట్టిగడ్డ నలుపుతూ అంది. "చెబితే వదిలేస్తావు. వదిలేస్తే పడిపోతావు కదా."

నాకు ఏడుపు వచ్చింది. జూన్ నుంచి రానిది ఆ మట్టిదారిలో, గుర్రపు లద్దె వాసన మధ్య వచ్చింది. నిత్య చున్నీ తప్పించి, నా ఎడమ చేతిలో తన చెయ్యి తనే పెట్టేసింది.

"నా మొహం చూస్తూ పట్టుకో, బెల్లాన్ని చూసినట్టు" అంది. "నా చెవులు కదలవు. గట్టిగా అయితే నేను నోటితోనే చెబుతా."

నడిచాం. దాని మొహమే చూస్తూ నడిచాను, కర్ర ఎక్కడ పడుతోందో కూడా చూడలేదు.

"పట్టు వదులుగా చెయ్యి" అంది కొంచెం దూరం పోయాక.

చేశాననుకున్నాను. "ఇప్పుడు?"

"ఇంకొంచెం."

"ఇప్పుడు?"

"ఆఁ, సరిపోయింది."

కారు దగ్గరకు చేరేలోపు చాలాసార్లు చెప్పింది. ఒక్కసారి కూడా చెయ్యి తీసుకోలేదు.